‘ఎథికల్’ కాఫీకి తూకం చీటీ ఏదీ?

హైదరాబాద్‌లో కాఫీకి నీతి వచ్చింది. హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా అద్దాల మేడల కింద వెలసిన కాఫీ దుకాణాల్లోకి వెళ్లి గోడలు చదవండి. ‘ఎథికల్లీ సోర్స్‌డ్’ అని ఉంటుంది. అంటే న్యాయంగా కొన్న సరుకు అని. ‘సింగిల్ ఆరిజిన్’ అని ఉంటుంది. అంటే ఒకే చోట పండిన గింజ. ‘మైక్రో లాట్’, ‘రేర్ వెరైటీ’ అని ఉంటుంది. అంటే కొద్దిగానే దొరికే అరుదైన రకం. పక్కన మంచు పట్టిన కొండ బొమ్మ. ఆ కొండ ముందు ముక్కుకు నత్తులు పెట్టుకుని, వెదురు బుట్ట పట్టుకుని నవ్వుతున్న మా అవ్వ బొమ్మ. గోడ మీద అన్నీ ఉన్నాయి. ఆ అవ్వకు కిలోకి ఎంత ఇచ్చారన్నది మాత్రం లేదు.

మేం అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ పండించే రైతులం. పాడేరు, చింతపల్లి, జీకే వీధి, అరకు, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు... ఈ పదకొండు మండలాల్లో రెండు లక్షలకు పైగా గిరిజన కుటుంబాలు ఈ పంట మీద బతుకుతున్నాయి. ఒక్కో కుటుంబానికి ఉన్నది ఎకరం, మహా అయితే రెండెకరాలు. సంఘం పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు మాదాపూర్‌లో అలాంటి ఒక దుకాణంలోకి మేం నలుగురం వెళ్లాం. మా కొండ పేరు పెట్టిన కాఫీ ఒక్కటి తీసుకుని నలుగురం పంచుకున్నాం. (కాఫీ బాగానే ఉంది. ఆ మాట దాచం.) బిల్లు కట్టాక కౌంటర్ దగ్గరున్న కుర్రాణ్ణి అడిగాం.

“బాబూ, ఇందులో గింజ కొన్న రైతుకు కిలోకి ఎంతిచ్చారు?”

“ఫెయిర్ ప్రైస్ ఇస్తాం సార్.”

“అదే, ఎంత?”

పాపం ఆ పిల్లాడికి తెలియదు. లోపలికి వెళ్లి కనుక్కొచ్చి, అది కంపెనీ రహస్యమండీ అన్నాడు. పాలు ఏ రకమో చెబుతారు, గింజ ఎంతసేపు వేగిందో చెబుతారు, తోట సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో కూడా చెబుతారు. రైతుకు ఇచ్చిన ధర దగ్గరికి వచ్చేసరికి రహస్యం! నీతిగా కొన్నవాడికి చీటీ చూపించడానికి భయమెందుకు?

చీటీ లేదు కాబట్టి లెక్క మేమే వేశాం. పండు తోలు తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టిన పొరగింజను పార్చ్‌మెంట్ అంటాం. ఈ మధ్య ధర బాగుంది కాబట్టి కిలో పార్చ్‌మెంటు 400 రూపాయలకు పోయిందనే అనుకుందాం. మిల్లులో పొర తీస్తే సుమారు 800 గ్రాముల పచ్చిగింజ వస్తుంది. వేపితే అందులో నీరు ఎగిరిపోయి 680 గ్రాములు మిగులుతుంది. దుకాణం వాళ్లు కప్పుకు 18 గ్రాముల పొడి వాడతారు. అంటే 37 కప్పులు. కప్పు 250 రూపాయలు వేసుకున్నా 9,250 రూపాయలు. అందులో రైతుకు వచ్చింది 400. కప్పుకు పదకొండు రూపాయలు కూడా కాదు. ఇది మంచి ధర ఉన్న ఏడు లెక్క. పార్చ్‌మెంటు 200 పలికిన ఏడు ఇదే కప్పులో మా వాటా ఐదున్నర. ఆ ఏడు దుకాణంలో కప్పు ధర సగానికి తగ్గిందా?

ఆ పదకొండు రూపాయల్లో ఏమేం ఉన్నాయో కూడా చూడాలి. మొక్క నాటిన దగ్గర్నుంచి కాపు వచ్చే దాకా మూడు నాలుగేళ్లు ఎదురుచూడటం ఉంది. కలుపు, నీడచెట్ల కొమ్మలు కొట్టడం, తెల్ల కాండం తొలుచు పురుగు పట్టిన మొక్కను పీకి తగలబెట్టడం ఉన్నాయి. నవంబరు నుంచి జనవరి దాకా చలిలో ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు వెళ్లి ఎర్రపండు మాత్రమే ఏరడం ఉంది. ఆ ఏరే పని ఎక్కువగా ఆడవాళ్లదే. గోడ మీద బొమ్మ వాళ్లదే అయినా, పట్టా మీద పేరు చాలా ఇళ్లలో వాళ్లది కాదు. ఆ మాట మా సంఘంలోనూ మాట్లాడుకోవాల్సిందే.

దీనికి దుకాణం వాళ్ల జవాబు మాకు తెలుసు. అద్దె, జీతాలు, పాలు, మిషన్లు, కరెంటు అంటారు. నిజమే. ఐటీ కారిడార్‌లో అద్దె మామూలు అద్దె కాదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేస్తే ఎకరం వంద కోట్లు దాటింది. 1998లో సైబర్ టవర్స్ లేచేదాకా మాదాపూర్ కూడా ఊరికి దూరంగా ఉన్న రాళ్ల గుట్టల పల్లెటూరే. ఆ నేల ధర పెరిగితే అద్దె పెంచి ఇస్తారు. పాల ధర పెరిగితే కప్పు ధర పెంచి కడతారు. వీటిలో దేన్నీ ‘ఎథికల్’ అని గోడ మీద రాసుకోరు, ఎందుకంటే కట్టకపోతే ఊరుకునేవాళ్లు లేరు. రైతుకు ఇచ్చేది మాత్రమే వాళ్ల దయాగుణం కిందికి వస్తుంది. ఇంటికి కొనుక్కుపోయే పొట్లంలో మా వాటా కొంచెం మెరుగ్గానే ఉంటుంది. పావుకిలో 600 అనుకుంటే దాదాపు నాలుగో వంతు దాకా వస్తుంది. కాబట్టి కాఫీ తాగేవాళ్లతో మాకు తగాదా లేదు. వాళ్లు ఇంట్లో కాచుకుంటే మాకే మేలు.

మా కొండల్లో కాఫీ నిన్నా మొన్నటిది కాదు. 1898లో తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో మొదటిసారి నాటారు. 1960 నుంచి అటవీ శాఖ పెద్ద ఎత్తున తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి పోయాయి. ఆ తోటల్లో మా పెద్దలు కూలికి పోయారు. తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు పోడు భూముల్లో మాతోనే మొక్కలు నాటించాయి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, ప్రతి సీజన్‌కు ముందు రేటు ప్రకటించి కొంటోంది. జీసీసీ మీద మా ఫిర్యాదులు మాకున్నాయి. డబ్బు ఆలస్యం, కొనుగోలు కేంద్రం దూరం, పంటలో కొంత భాగమే కొనడం. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. జీసీసీ రేటు బోర్డు మీద పడుతుంది, అందరికీ కనబడుతుంది. అది కనబడ్డాకే సంతలో షావుకారు తన రేటు కదిలిస్తాడు. బహిరంగంగా రాసిన ధరకున్న బలం అది. హైటెక్ సిటీ దుకాణాలు దాచేది సరిగ్గా దాన్నే.

ధర బహిరంగంగా లేకపోతే ఏమవుతుందో కాఫీ లోకమంతా చూసింది. 1989లో దేశాల మధ్య కాఫీ కోటా ఒప్పందం కూలిపోయింది. తొంభైల్లో మన దేశంలో కాఫీ బోర్డు పూలింగ్ కూడా పోయింది. 2001లో ప్రపంచ మార్కెట్‌లో అరబికా పౌను 50 సెంట్ల కిందికి పడింది. 2025 ఫిబ్రవరిలో అదే పౌను 4 డాలర్లు దాటింది. పడ్డప్పుడు దెబ్బ రైతుకు మొదట తగిలింది, లేచినప్పుడు లాభం రైతుకు చివర అందింది. అప్పటికే చెట్టు మీద పంటను అడ్వాన్సుకు అమ్ముకున్నవాడికి అసలు అందనే లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత కాఫీకి పుట్టినట్టే ఉంటుంది.

ఈ పడిలేవడాల నుంచి కాపాడటానికే ‘ఫెయిర్ ట్రేడ్’ ముద్ర పుట్టింది. 1988లో మెక్సికో గిరిజన రైతుల కాఫీతో నెదర్లాండ్స్‌లో మొదలైంది. 2023 ఆగస్టు నుంచి కడిగిన అరబికాకు పౌనుకు 1.80 డాలర్లు కనీస ధరగా పెట్టారు. ఆ ముద్రను మేం ఎగతాళి చేయం. ధర పడినప్పుడు పట్టుకోవడానికి ఒక మెట్టు ఉండటం మంచిదే. కానీ ఆ మెట్టు ముద్ర ఉన్న సంఘాలకే, అందులోనూ ముద్ర మీద అమ్ముడుపోయిన సరుకుకే. గోడ మీద ‘ఎథికల్’ అని సుద్దతో రాసుకోవడానికి ఆ మాత్రం మెట్టు కూడా అక్కర్లేదు. ఆ మాటకు చట్టంలో కొలత లేదు, తనిఖీ చేసే అధికారి లేడు. కాఫీలో చికోరీ కలిపితే పొట్లం మీద శాతం రాయాలి, కాఫీ 51 శాతానికి తగ్గకూడదు అని రూలుంది. నీతిలో ఏం కలిపారో రాయాలనే రూలు లేదు.

ఇక అరుదైన రకాల సంగతి. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే మా కుర్రాళ్లు కొందరు ఈ మాటకు ఆశపడుతున్నారు.

పనామా దేశంలో గీషా అనే రకం ఉంది. 2025 ఆగస్టులో అక్కడి వేలంలో ఇరవై కిలోల గీషా కిలో 30 వేల డాలర్లకు పైగా పలికింది. మన డబ్బులో కిలో పాతిక లక్షల పైమాట. ఈ సంగతి ఫోనుల్లో తిరిగింది. మనం కూడా గీషా వేద్దామా అని అడిగినవాళ్లున్నారు. ఆ గింజ ఊరెక్కడో చూడండి. అది ఇథియోపియాలో గెషా అనే అడవి ప్రాంతంలో 1930ల్లో ఏరిన విత్తనం. టాంజానియా మీదుగా 1953లో కోస్టారికా పరిశోధన కేంద్రానికి చేరింది. ఆకు తుప్పు తెగులును తట్టుకుంటుందని 1960ల్లో పనామాకు వచ్చింది. కాపు తక్కువని చాలాకాలం ఎవరూ లెక్కచేయలేదు. 2004లో ఒక పెద్ద ఎస్టేటు దాన్ని పోటీకి పెట్టి గెలిచాక జాతకం మారింది. తరతరాలుగా ఆ చెట్టును అడవిలో బతికించిన గెషా జనానికి ఆ పాతిక లక్షల్లో ఎంత ముట్టింది? సొమ్మొకడిది, సోకొకడిది.

మా దగ్గర అరుదైన రకాలు లేవా అంటే ఉన్నాయి. 1940ల్లో బాలెహొన్నూరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎస్.795 మా కొండల మీద ముదురు చెట్లుగా ఇంకా నిలబడి ఉంది. ఇథియోపియా తఫారికెలకూ తైమూరు దీవి సంకరానికీ పుట్టిన సెలెక్షన్-9 ఉంది. కాఫీ బోర్డు 2002లో పెట్టిన రుచి పోటీలో బహుమతి తెచ్చుకున్న రకం అది. జీకే వీధి మండలం ఆర్‌వీ నగర్‌లో 1976 నుంచి కాఫీ పరిశోధన కేంద్రం కూడా మనకు ఉంది. మరి రైతులు 2007లో వచ్చిన చంద్రగిరి వైపు ఎందుకు పోతున్నారు? రుచి తెలియక కాదు. పొట్టి చెట్టు, ఏరడం సులువు, తుప్పును తట్టుకుంటుంది, కాపు ముందుగా వస్తుంది. పాత రకాన్ని ఉంచుకుంటే కాపు తగ్గుతుంది, తెగులు భయం పెరుగుతుంది. ఆ నష్టం రైతు కంచంలోంచి పోతుంది.

దుకాణం వాడికి కావలసిన అరుదైన రకం రెండు బస్తాలు. ఆ రెండు బస్తాల కోసం వస్తాడు, ఫొటో తీసుకుంటాడు, నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తాడు. వచ్చే ఏడు ఇంకో కొండకు పోతాడు, ఎందుకంటే అతని దగ్గరికి వచ్చేవాళ్లు ఎప్పుడూ కొత్తదే అడుగుతారు. మిగిలిన నలభై బస్తాలు సంతకే. అరుదైన రకాన్ని కాపాడమని చెప్పేవాడు ఐదేళ్లకు కాగితం రాసి ఇవ్వాలి. ఎంత కొంటాడో, ఎంతకు కొంటాడో, కాపు పోయిన ఏడు ఏమిస్తాడో అందులో ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ మా సిల్వర్ ఓక్ చెట్లను కాఫీ మొక్కల మీద పడేసింది. 2025లో అరకు మండలంలో కాయతొలుచు పురుగు కనబడింది. ఇలాంటి ఏడు వస్తే రెండు బస్తాలవాడు ఎక్కడుంటాడు?

పునుగు పిల్లి పేడలోంచి ఏరిన గింజను కూడా అరుదైన కాఫీ అని అమ్ముతున్నారు. అడవి జంతువును బోనులో పెట్టి పండ్లు కుక్కి చేసే ఆ వ్యాపారం జోలికి మన ఊళ్లలో ఎవరూ పోవద్దు. అంతే, దాని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

పేరు సంగతి ఇంకో పెద్ద మోసం. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూర్గు, చిక్‌మగళూరు, బాబా బుడన్‌గిరి, వయనాడ్ కాఫీలకు కూడా అప్పుడే వచ్చింది. 2024 జూన్‌లో ప్రధాని రేడియోలో మా కాఫీని పొగిడారు. 2017 నుంచి పారిస్‌లో ఆ పేరుతో దుకాణమే ఉంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నాంది ఫౌండేషన్ రైతుల సహకార సంఘాన్ని కట్టి ఆ పని చేసింది. నాణ్యమైన పండుకు ఎక్కువ ధర ఇవ్వచ్చని చూపించింది కాబట్టి అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఇప్పుడు అరకు అన్నది ఊరి పేరు, లోయ పేరు, కంపెనీల బ్రాండు పేరు, చట్టం గుర్తించిన సరుకు పేరు కూడా. ఆ గందరగోళంలో ఎవడు ఏ గింజ వేపి ‘అరకు’ అని బోర్డు పెట్టినా అడిగేవాడు లేడు. 1999 చట్టం ప్రకారం ఆ పేరు వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అబద్ధంగా వాడితే జైలూ జరిమానా రెండూ ఉన్నాయి. ఐటీ కారిడార్‌లో ఒక్క దుకాణం మెనూ మీదన్నా ఆ నమోదు నంబరు మాకు కనబడలేదు.

ఇథియోపియా రైతులు ఈ పోరాటం ముందే చేశారు. 2005లో వాళ్ల ప్రభుత్వం సిదామో, హరార్, యిర్గాచెఫే పేర్లను అమెరికాలో తన పేర నమోదు చేయమని అడిగింది. అక్కడి కాఫీ వ్యాపారుల సంఘం అడ్డుపడింది. స్టార్‌బక్స్ అంతటి కంపెనీతో తగువు నడిచి, చివరికి 2007లో ఒప్పందం కుదిరింది. పేరు మాది అని ఒక పేద దేశం నిలబడి చెప్పగలిగింది. మా పేరుకు కాగితం ఉంది, చట్టం ఉంది, నిలబడే అధికారి కరువు.

పైగా కొత్త భారాలన్నీ మా మీదికే వస్తున్నాయి. అడవి నరికిన భూమిలో పండిన కాఫీ కొనబోమని 2023లో యూరప్ చట్టం చేసింది. అమలు వాయిదాలు పడుతోంది గానీ, వచ్చిన రోజున ప్రతి తోట ఎక్కడుందో ఉపగ్రహ గుర్తుతో సహా చూపించాలి. అడవి కాపాడటం మాకు నేర్పనక్కర్లేదు, మా కాఫీ నీడ లేకుండా బతకదు. 2015లో జెర్రెల బాక్సైట్ కోసం వెయ్యి హెక్టార్లకు పైగా అటవీ భూమి ఇస్తూ జీవో 97 తెచ్చినప్పుడు రోడ్డెక్కింది మా ఊళ్లే. 2019లో అది రద్దయ్యే దాకా ఊరుకోలేదు. కానీ గుర్తు చూపించాలంటే ముందు భూమికి కాగితం ఉండాలి కదా! 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా రాని పోడు రైతు ఏ కాగితం చూపిస్తాడు? సేంద్రియ ముద్ర కావాలంటే మూడేళ్లు ఆగాలి, రికార్డులు రాయాలి, తనిఖీ ఖర్చు భరించాలి. ముద్ర ఖర్చు కొండ మీద, ముద్ర లాభం మాదాపూర్‌లో.

మరి ఏం కావాలి? మొదటిది, పొట్లం మీద, మెనూ మీద రైతుకు ఇచ్చిన ధర అచ్చు వేయాలి. ఊరు, రకం, ఏ సీజను పంట, కిలోకి ఎంత. నాలుగు ముక్కలు. అది రాయని వాడు ‘ఎథికల్’ అని రాయకూడదు. కాఫీ బోర్డు అరకు పేరు వాడే దుకాణాలను తనిఖీ చేయాలి. రైతులందరినీ అధీకృత వినియోగదారులుగా ఉచితంగా నమోదు చేయాలి. కాఫీ ఇవాళ్టికీ కేంద్రం మద్దతు ధరల జాబితాలో లేదు. జీసీసీ ప్రకటించే రేటుకు చట్టబలం కావాలి, సీజను చివర లాభంలో రెండో విడత చెల్లింపు కావాలి. పాత రకాలు ఉంచుకునే రైతుకు ఆర్‌వీ నగర్ కేంద్రం ద్వారా మొక్కలతో పాటు ఎకరానికి ఇంత అని ఏటా పరిహారం ఇవ్వాలి.

ఐటీ కంపెనీలకు కూడా ఒక మాట. మీ సామాజిక బాధ్యత నిధులతో మా ఊళ్లకు వచ్చి నోటు పుస్తకాలు పంచి ఫొటోలు దిగి వెళ్తున్నారు. సంతోషం. కానీ మీ ఆఫీసుల్లో ఎథికల్ కాఫీ కింద కెఫేలోనే ఉంది, పై అంతస్తుల్లో మిషన్ నొక్కితే వచ్చేది ఎక్కడి పొడో ఎవరికీ తెలియదు. ఒక్కో క్యాంపస్‌లో వేలమంది రోజుకు రెండు మూడుసార్లు ఆ మిషన్ నొక్కుతారు. ఆ మిషన్లలో పోసే గింజను మా సహకార సంఘాల నుంచి, జీసీసీ నుంచి, ధర రాసిన చీటీతో నేరుగా కొనండి. మాకు దానం కన్నా ఆర్డరు ముఖ్యం. మీలో ఎంతోమంది రైతుబిడ్డలే. రేపు కెఫేలో కూర్చున్నప్పుడు మేం అడిగిన ప్రశ్నే మీరూ అడగండి. నలుగురు రైతులు అడిగితే కంపెనీ రహస్యం అన్నారు. నాలుగు వేలమంది అడిగితే ఏమంటారో చూద్దాం.

సంఘ సభ్యులకు: ఈ సీజనులో పండు, చెర్రీ, పార్చ్‌మెంటు ఎవరికి అమ్మినా తూకం చీటీ రాయించుకోండి. తేదీ, బరువు, రేటు, కోత కింద ఎంత తీశారు అన్నవి అందులో ఉండాలి. కుంచం, మానిక కొలతలతో అమ్మకండి, కాటా మీదే అమ్మండి. ఒకే రోజు ఒకే సంతలో ఇద్దరికి రెండు రేట్లు పడితే రెండు చీటీలూ కావాలి. దుకాణాల వాళ్లు, ‘మైక్రో లాట్’ కొనేవాళ్లు నేరుగా ఊరికి వస్తే వాళ్ల చీటీ కూడా తీసుకోండి, కాగితం ఇవ్వనంటే ఆ సంగతీ రాసి పెట్టండి. చీటీల నకళ్లు ఫిబ్రవరి నెలాఖరులోగా మండల కమిటీలకు చేర్చాలి. వాటిని ఊరివారీగా, రకంవారీగా పట్టీ వేసి, పక్కన హైటెక్ సిటీ మెనూ ధరలు పెట్టి ఈ పత్రికలోనే అచ్చు వేస్తాం.